ఆ పిల్లవాడి పేరు బీరువాలోనే ఉంది

మీరు ఒక్క ప్రశ్నలో మూడు అడిగారు. 1957లో ఫిలడెల్ఫియాలో అట్టపెట్టెలో దొరికిన పిల్లవాడికి పేరు తెలియడానికి 65 ఏళ్లు పట్టిందంటే అది పోలీసుల చేతగానితనమేనా? యూట్యూబ్‌లో తిరిగే ఫోస్టర్ హోమ్ కథ, "మా అమ్మ కొనుక్కొచ్చింది" అన్నావిడ కథ, వీటిలో ఏది నమ్మాలి? 2022లో పేరు తెలిశాక కూడా చంపిందెవరో ఎందుకు తేలలేదు? వరసగా చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

చేతగానితనం అన్న మాట ముందు పక్కన పెడదాం. నేను ఫోరెన్సిక్ ల్యాబులో ఇరవై ఏడేళ్లు పనిచేశాను, అందులో చివరి పద్నాలుగేళ్లు డీఎన్‌ఏ విభాగంలో. "గుర్తు తెలియని శవం" అని చీటీ అంటించిన సీసాలు, ఎముకల పొట్లాలు నా బల్ల మీదికి చాలానే వచ్చాయి. ఆ ఒక్క పిల్లవాడి కోసం ఫిలడెల్ఫియా పోలీసులు చేసినంత పని నా సర్వీసు మొత్తంలో ఏ ఒక్క గుర్తు తెలియని శవానికీ జరగగా నేను చూడలేదు. అంత చేసినా పేరు రాలేదు. నాకు ఈ కేసులో ఆసక్తి కలిగించేది అదే.

జరిగింది ఇది. ఫిలడెల్ఫియాకు ఈశాన్యపు కొసన ఫాక్స్ చేజ్ అనే పేట ఉంది. ఆ రోజుల్లో అక్కడ సస్క్వెహానా రోడ్డు పక్కన తుప్పలూ చెట్లూ, జనం చెత్త పారేసే జాగా. మస్క్‌రాట్ అనే నీటి ఎలుకల కోసం బోనులు పెట్టుకున్న ఒక కుర్రవాడు వాటిని చూసుకోవడానికి వెళ్లి, పెట్టెలో శవాన్ని చూశాడు. చెబితే పోలీసులు తన బోనులు పట్టుకుపోతారని నోరు మెదపలేదు. కొన్నాళ్లకు, ఫిబ్రవరి 25న, కారులో పోతున్న ఒక కాలేజీ విద్యార్థి తుప్పల్లోకి కుందేలు దూకడం చూసి దిగి వెళ్లాడు. అతనూ వెంటనే చెప్పలేదు, తటపటాయించి మర్నాడు చెప్పాడు. అంటే శవాన్ని ఇద్దరు చూశాక గానీ కేసు మొదలు కాలేదు.

పెట్టెలో ఒంటి మీద నూలుపోగు లేని మగపిల్లవాడు. చవకరకం గళ్ల దుప్పటిలో చుట్టి ఉన్నాడు. ఎత్తు 40 అంగుళాలు దాటి కొంచెం, బరువు 30 పౌండ్లు, అంటే పదమూడున్నర కిలోలు. తిండి లేక చిక్కిపోయిన ఒళ్లు, దాని నిండా కమిలిన దెబ్బలు. తలకు తగిలిన దెబ్బలతో పోయాడని పోస్టుమార్టంలో తేలింది. జుట్టు అడ్డదిడ్డంగా కత్తిరించి ఉంది, ఆ వెంట్రుక ముక్కలు ఇంకా ఒంటికి అంటుకునే ఉన్నాయి. చేతి గోళ్లు, కాలి గోళ్లు మాత్రం నీటుగా తీసి ఉన్నాయి. కుడి అరచెయ్యి, రెండు అరికాళ్లు చాలాసేపు నీళ్లలో నానినట్టు ముడతలు పడ్డాయి. చీలమండ దగ్గర, గజ్జల్లో ఆపరేషన్ మచ్చలు, గడ్డం కింద ఎల్ ఆకారంలో ఇంకో మచ్చ.

ఎప్పుడు చనిపోయాడో గట్టిగా చెప్పలేకపోయారు. ఫిబ్రవరి చలి. అక్కడి చలిలో ఆరుబయట పడి ఉన్న శవం దాదాపు ఫ్రిజ్‌లో పెట్టినట్టే. రెండు మూడు రోజులని చెప్పొచ్చు, రెండు వారాలనీ చెప్పొచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ దర్యాప్తు అధికారికి నరకం. "ఫలానా రోజు రాత్రి ఎక్కడున్నావు" అని ఎవరినీ నిలదీయడానికి ఉండదు.

ఇక వెతుకులాట. పోలీసు అకాడమీలో శిక్షణలో ఉన్న 270 మందిని దింపి ఆ జాగా అంతా జల్లెడ పట్టించారు. పిల్లవాడి ముఖం ఫొటోతో నాలుగు లక్షల పోస్టర్లు అచ్చువేశారు. ఫిలడెల్ఫియాలో ఇంటింటికీ వెళ్లే గ్యాస్ బిల్లుతో పాటు ఆ ఫొటో కూడా వెళ్లింది. శవానికి బట్టలు తొడిగి, కూర్చోబెట్టి కూడా ఫొటో తీశారు, మామూలుగా తిరిగే పిల్లవాడిలా కనిపిస్తే ఎవరైనా పోల్చుకుంటారేమోనని. ఆ ఫొటో నేను మొదటిసారి చూసిన రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవలేదు. శవాలతోనే బతికినవాణ్ని, అయినా.

కాలి గుర్తులు కూడా తీశారు. అమెరికాలో అప్పటికే చాలా ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డ అరికాళ్లకు సిరా పూసి కాగితం మీద అచ్చు తీసుకునేవారు. బిల్ కెలీ అనే వేలిముద్రల నిపుణుడు ఆ అచ్చులు పట్టుకుని ఏళ్ల తరబడి ఆసుపత్రుల రికార్డులు తిరగేశాడు. 1956 తిరుగుబాటు తర్వాత హంగేరీ నుంచి వచ్చిన శరణార్థుల్లో ఒక పిల్లవాడి ఫొటో పోలికగా ఉందని తట్టి వేల పాస్‌పోర్టు ఫొటోలు చూశాడు. చివరికి ఆ హంగేరీ పిల్లవాడు నార్త్ కరోలినాలో నిక్షేపంగా ఆడుకుంటూ దొరికాడు.

ఇప్పుడు అసలు సంగతి. మా పనిలో "గుర్తించడం" అనేది ఏదీ లేదు, "పోల్చడం" ఒక్కటే ఉంది. వేలిముద్ర అయినా, పంటి కట్టు అయినా, డీఎన్‌ఏ అయినా, ఒక చేతిలో శవానిది, ఇంకో చేతిలో బతికున్నప్పటిది, రెండూ ఉంటేనే మాకు పని. రెండో చెయ్యి ఖాళీ అయితే ఎంత గొప్ప ల్యాబయినా చేసేదేమీ లేదు. మామూలుగా ఆ రెండో చెయ్యి నింపేది ఇంట్లోవాళ్లు. "మా బాబు కనబడటం లేదు" అని స్టేషన్‌కు వచ్చే తల్లి. ఈ పిల్లవాడి కోసం ఆ స్టేషన్‌కే కాదు, ఏ స్టేషన్‌కూ ఎవరూ రాలేదు. నాలుగు లక్షల పోస్టర్లు అడిగింది ఒక్కటే, "ఈ బాబు ఎవరి బాబు?" అని. ఎవరి బాబో తెలిసినవాళ్లు మాట్లాడలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కేసు ఒకటి ఉంది, పక్కన పెట్టి చూస్తే బాగా అర్థమవుతుంది. 1960 జులై 31న అరిజోనాలో కాంగ్రెస్ అనే చిన్న ఊరి దగ్గర ఎండిన వాగులో, సగం పూడ్చిపెట్టిన ఆడపిల్ల శవం దొరికింది. దగ్గరి పట్నంవాళ్లు చందాలు వేసుకుని అంత్యక్రియలు చేశారు, "లిటిల్ మిస్ నోబడీ" అని పిలుచుకున్నారు. అక్కడ ఫిర్యాదు ఉంది! పది రోజుల ముందే, జులై 21న, న్యూ మెక్సికోలోని అలమొగోర్డోలో అమ్మమ్మగారింటి వెనక సందులోంచి షారన్ లీ గలేగోస్ అనే నాలుగేళ్ల పాపను ఎత్తుకుపోయారని కుటుంబం మొత్తుకుంటూనే ఉంది. పోలీసులు పోల్చారు కూడా. కాలి గుర్తులు కలవలేదు, బట్టలు సరిపోలేదు, వయసు లెక్కా తేడా వచ్చింది, కాబట్టి ఈ పాప కాదని పక్కన పెట్టారు. 2022 మార్చిలో డీఎన్‌ఏ చెప్పింది, ఆ పాపే అని. అక్కడ రెండు చేతులూ నిండుగా ఉన్నాయి, పోల్చిన పద్ధతి తప్పింది. ఫిలడెల్ఫియాలో పద్ధతులు ఉన్నాయి, ఒక చెయ్యి ఖాళీ. రెంటికీ ఫలితం ఒకటే, అరవై ఏళ్ల పైన పేరులేని సమాధి.

పెట్టె గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీని మీద ఎవరూ పెద్దగా ఆగరు. అది జేసీ పెన్నీ అనే దుకాణం అమ్మిన పసిపిల్లల ఉయ్యాల తొట్టి వచ్చిన అట్టపెట్టె. "ఫర్నిచర్, పగిలేది, కత్తితో తెరవొద్దు" అని దాని మీద అచ్చయి ఉంది. పోలీసులు ఆరా తీస్తే ఆ సరుకు అప్పర్ డార్బీ శాఖకు వచ్చిందని తేలింది. 1956 చివరి నుంచి 1957 ఫిబ్రవరి దాకా అక్కడ అమ్ముడైనవి పట్టుమని డజను. డజను మంది కొనుగోలుదారులంటే ఏ దర్యాప్తు అధికారి అయినా ఎగిరి గంతేస్తాడు. తీరా చూస్తే జేసీ పెన్నీ అప్పట్లో అరువు ఇవ్వని దుకాణం, అంతా నగదే. క్రెడిట్ ఖాతాలు మొదలుపెట్టింది 1958లో. కొన్నవాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు. పేపర్లో ప్రకటన చూసి కొందరు తమంతట తాము ముందుకొచ్చారు, మా పెట్టె మా దగ్గరే ఉంది, మాది చెత్తలో పారేశాం అని చెప్పారు. దారం అక్కడ తెగింది.

ఇప్పుడు 2022కి గెంతండి. పోలీసులు ఆ పిల్లవాడి కుటుంబం ఉన్నది వెస్ట్ ఫిలడెల్ఫియాలో, 61వ వీధీ మార్కెట్ స్ట్రీటూ కలిసే చోటికి దగ్గర్లో అని చెప్పారు. అప్పర్ డార్బీలో ఆ దుకాణం ఉన్నది 69వ వీధి మీద. మ్యాపు తెరిచి చూడండి, రెండింటి మధ్య రెండు కిలోమీటర్లు కూడా ఉండదు, ఒకే రైలు లైను. శవం దొరికిన ఫాక్స్ చేజ్ మాత్రం అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు, ఊరికి రెండో కొస. పెట్టె ఎవరైనా చెత్తకుండీ దగ్గర ఏరుకున్నదీ కావచ్చు, కాబట్టి దీన్ని రుజువు అనను. కానీ ఆ పెట్టె మొదటి రోజు నుంచీ సరైన పేటనే చూపించింది. మనుషుల చూపు మాత్రం శవం దొరికిన చోటి చుట్టూ తిరిగింది. చూసిన చోటే వెతకడం మా వృత్తిలో పాత జబ్బు.

దుప్పటి, టోపీ సంగతి రెండు ముక్కల్లో. దుప్పటి తయారయ్యింది నార్త్ కరోలినాలోనో కెనడాలోని క్యుబెక్‌లోనో అని తేల్చారు, అలాంటివి లెక్కలేనన్ని అమ్ముడయ్యాయి గనక అది పనికి రాలేదు. శవానికి కొంచెం దూరంలో దొరికిన నీలం కార్డురాయ్ టోపీ కుట్టినావిడ సౌత్ ఫిలడెల్ఫియాలో దొరికింది. ఇరవైల్లో ఉన్న ఒకతను వచ్చి దానికి తోలు పట్టీ కుట్టించుకు వెళ్లాడని ఆమెకు గుర్తుంది. అతని పేరు ఆమె అడగలేదు, అడగడానికి కారణమూ లేదు.

రెండో ప్రశ్నకు వస్తున్నాను. రెమింగ్టన్ బ్రిస్టో అని మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసులో, అంటే అనుమానాస్పద మరణాలకు కారణం తేల్చే ఆఫీసులో, దర్యాప్తు ఉద్యోగి. ఈ కేసు అతన్ని పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. సొంత డబ్బు ఖర్చుపెట్టి ఊళ్లు తిరిగాడు, పిల్లవాడి ముఖపు అచ్చును తన సంచిలో పెట్టుకుని తిరిగేవాడు. 1960లో న్యూ జెర్సీలో ఉన్న ఒక దివ్యదృష్టి ఆవిడ దగ్గరికి వెళితే ఆమె ఫలానా రకం ఇల్లు అని చెప్పింది. శవం దొరికిన చోటికి రెండున్నర కిలోమీటర్ల లోపు ఒక ఫోస్టర్ హోమ్ ఉంది, అంటే ప్రభుత్వం డబ్బిచ్చి దిక్కులేని పిల్లల్ని పెంచమని అప్పగించిన ఇల్లు. బ్రిస్టో కంటికి ఆ ఇల్లు ఆమె చెప్పినట్టే ఉంది. ఆ ఇంటి సామాను అమ్మకానికి పెట్టినప్పుడు వెళ్లి చూస్తే పెన్నీ దుకాణంలో అమ్మేలాంటి తొట్టి కనిపించింది, తీగ మీద ఆరేసిన దుప్పట్లు కనిపించాయి. ఇక అతనికి అనుమానం లేదు. 1993లో చనిపోయేదాకా అదే నమ్మాడు. 1998లో పోలీసులు ఆ కుటుంబాన్ని మళ్లీ విచారించి, వాళ్లకు సంబంధం లేదని తేల్చారు.

బ్రిస్టోను నేను తక్కువ చేయను. ఎవరూ రాని పిల్లవాడికి ముప్పై ఆరేళ్లు చుట్టంలా నిలబడ్డాడు. కానీ ఒక సంగతి గమనించండి. అతని సిద్ధాంతంలో ప్రతి ముక్కా శవం దొరికిన చోటికి దగ్గరగా ఉన్నదే, పైగా ప్రతి ముక్కా "ఇలాంటిదే" తప్ప "ఇదే" కాదు. తొట్టి ఇలాంటిదే, దుప్పటి ఇలాంటిదే. కోర్టులో డిఫెన్స్ లాయరు మమ్మల్ని బోనులో నిలబెట్టి అడిగే మొదటి ప్రశ్న ఇదే, "ఇలాంటిదా, ఇదేనా?" అని. ఆ తేడాను పట్టించుకోకపోతే ఏ పాపం తెలియని ఒక ఇల్లు దశాబ్దాల పాటు హంతకుల ఇల్లుగా మిగులుతుంది. మిగిలింది కూడా.

"మా అమ్మ కొనుక్కొచ్చింది" అన్నావిడను పోలీసులు "ఎం" అనే అక్షరంతో పిలిచారు, పేపర్లు మార్తా అన్నాయి. 2002లో ఆమె చెప్పింది ఏమిటంటే, 1954లో తన తల్లి డబ్బిచ్చి ఒక పిల్లవాణ్ని తెచ్చిందనీ, నేలమాళిగలో ఉంచి హింసించిందనీ, ఒకరోజు తిన్న బీన్స్ కక్కుకున్నాడని కొట్టి, స్నానం చేయిస్తుంటే ప్రాణం పోయిందనీ. నీళ్లలో నానిన చేతులు, అడ్డదిడ్డంగా కత్తిరించిన జుట్టు ఈ కథలో ఇట్టే అమరిపోతాయి. అందుకే అనుభవం ఉన్న డిటెక్టివులు కూడా కదిలిపోయారు. ఆమెకు మానసిక అనారోగ్య చరిత్ర ఉంది. ఆ ఇంటికి వచ్చిపోయిన ఇరుగుపొరుగు అక్కడ అలాంటి పిల్లవాడే లేడన్నారు. రుజువు చేయలేకపోయారు. ఇలాంటి కథల్ని తూచేటప్పుడు నేను అడిగేది ఒక్కటే, చెప్పిన వివరం అప్పటికి పేపర్లో వచ్చిందా, రాలేదా? నలభై అయిదేళ్లు జనం నోళ్లలో నానిన కేసులో ఏది ఎక్కడ విన్నారో విన్నవాళ్లకే గుర్తుండదు. అబద్ధం చెబుతున్నారని కాదు, విన్నది చూసినట్టు స్థిరపడిపోతుంది.

ఇక డీఎన్‌ఏ, నా పేట. ఆ పిల్లవాణ్ని మొదట అనాథ శవాల శ్మశానంలో పూడ్చారు. డిటెక్టివులు చందాలు వేసుకుని రాయి పెట్టించారు. 1998లో తవ్వి తీసి, పంటి నుంచి మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ తీశారు. తర్వాత ఐవీ హిల్ శ్మశానంలో "అమెరికాస్ అన్‌నోన్ చైల్డ్" అని రాయి వేసి మళ్లీ పూడ్చారు. మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ ఎందుకంటే, ఒక్కో కణంలో మామూలు డీఎన్‌ఏ రెండు ప్రతులుంటే ఇది వందలూ వేలూ ఉంటుంది. పాత ఎముకలో ఏదన్నా మిగిలిందంటే ముందు దొరికేది ఇదే. దీని లోపం కూడా చెప్పాలి. ఇది తల్లి నుంచి బిడ్డకు, అమ్మమ్మ నుంచి అమ్మకు, ఆ ఒక్క గీతలోనే నడుస్తుంది. ఒకే గీతలోని వేలమందికి ఇంచుమించు ఒకటే ఉంటుంది. "ఈవిడ కొడుకా?" అని అడిగితే కాదని చెప్పడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. "ఎవరి కొడుకు?" అని అడిగితే నోరు తెరవదు. మళ్లీ అదే ఖాళీ చెయ్యి.

పోలీసులు నేరాలకు వాడే డేటాబేసు కూడా ఇక్కడ చేతులెత్తేసేదే. అందులో ఉండేది ఇరవై చోట్ల కొలతలు మాత్రమే. మనిషినో, తల్లినో తండ్రినో బిడ్డనో పోల్చడానికి అది చాలు. వేలు విడిచిన మేనమామ మనవణ్ని పట్టుకోవడానికి చాలదు. అందుకు లక్షల చోట్ల అక్షరాలు చదవాలి. సరదాకి మా పూర్వీకులెవరో తెలుసుకుందామని డబ్బాలో ఉమ్మి పంపించే కంపెనీలు చేసేది అదే, ఆరేడు లక్షల చోట్ల. ఆ ఫలితాలను జనం జీఈడీమ్యాచ్ వంటి వెబ్‌సైట్లలో పెట్టుకుంటారు, తెలియని చుట్టాలను వెతుక్కోవడానికి. సొంత పెదనాన్న పిల్లలతో మన డీఎన్‌ఏ సుమారు ఎనిమిదో వంతు కలుస్తుంది. తాతల అన్నదమ్ముల మనవల స్థాయికి అది వందకు మూడు, ఇంకో తరం దూరానికి ఒక్కటి కూడా ఉండదు. కానీ ఆ ఒక్క శాతం లోపు ముక్కతో కూడా కొమ్మ పట్టుకుని వంశవృక్షం గీస్తూ రావచ్చు. 2018లో కాలిఫోర్నియాలో గోల్డెన్ స్టేట్ కిల్లర్‌గా పేరుపడ్డ వరస హత్యల నేరస్తుడు జోసెఫ్ డీఏంజెలోను పట్టుకున్నది ఈ దారిలోనే.

అంటే ఖాళీగా ఉన్న రెండో చేతిని నింపింది తల్లీ కాదు, తండ్రీ కాదు. ఆ పిల్లవాడు ఒకడు ఉన్నాడని కూడా ఎరగని దూరపు చుట్టాలు, తమ సరదా కోసం ఉమ్మి పంపినవాళ్లు.

2019లో మళ్లీ తవ్వారు. ఈ పని తీసుకున్నది కాలీన్ ఫిట్జ్‌పాట్రిక్. ఆమె చదువుకు భౌతికశాస్త్రవేత్త, పేరులేని శవాలకు పేర్లు వెతికే డీఎన్‌ఏ డో ప్రాజెక్టు స్థాపకుల్లో ఒకరు, ఈ కేసు చేసింది మాత్రం తన ఐడెంటిఫైండర్స్ సంస్థ తరఫున. డీఎన్‌ఏను చదవగలిగే స్థితికి తీసుకురావడానికే రెండున్నరేళ్లు పట్టింది, ఇంత కష్టమైన కేసు ఇంకోటి లేదని ఆమె చెప్పారు. ఎందుకు అంత కష్టం అంటే, అరవై ఏళ్లు మట్టిలో ఉన్న ఎముకలో డీఎన్‌ఏ పొడుగు దారంలా ఉండదు, నుజ్జు నుజ్జయి ఉంటుంది. పైగా తీసినదాంట్లో ఎక్కువ భాగం మట్టిలోని బాక్టీరియాది. చింపి, తడిపి, వేరే పుస్తకాల చెత్తతో కలిపేసిన పుస్తకాన్ని అతికించి చదవడం లాంటిది.

మన దగ్గరి ముక్క ఒకటి ఇక్కడే చెబుతాను. ఒకసారి ఒక జిల్లా ఆసుపత్రి నుంచి ఎముక, కండరం సీసాలో పెట్టి పంపారు, మూత తీయగానే ముక్కు మండింది. ఫార్మలిన్! సూక్ష్మదర్శినిలో కణజాలం చూడటానికి అది సరైనదే, డీఎన్‌ఏకు మాత్రం విషం, గొలుసును ముక్కలు చేసి అతుక్కుపోయేలా చేస్తుంది. ఉప్పులో వేసి పంపి ఉంటే, లేదా ఎముకను కడిగి ఆరబెట్టి కాగితం సంచిలో పంపి ఉంటే మూడు రోజుల పని. మేము నాలుగు నెలలు తంటాలు పడి సగం ప్రొఫైల్ తీశాం. పోల్చడానికి ఎవరూ రాలేదు, అది వేరే కథ. హైదరాబాదులో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారు ఎనభైల చివర్లోనే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను మన సొంతం చేసి పెట్టారు, విద్యకు లోటు లేదు. గుర్తు తెలియని శవాలకు, కనబడని మనుషులకు దేశమంతటికీ డీఎన్‌ఏ సూచీ పెట్టాలన్న బిల్లును 2019లో లోక్‌సభలో పెట్టి 2023 జులైలో వెనక్కి తీసుకున్నారు. ఇంకో తిరకాసు కూడా ఉంది. మన ఇళ్లలో మేనరికాలు ఎక్కువ. తరతరాలుగా మేనమామ కూతుళ్లనూ మేనత్త కొడుకులనూ చేసుకున్న కుటుంబాల్లో దూరపు చుట్టం కూడా లెక్కలో దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. అమెరికా లెక్కల పట్టిక తెచ్చి మన కొమ్మ మీద పెడితే తరం తప్పిపోతుంది.

మళ్లీ ఫిలడెల్ఫియా. తల్లివైపు చుట్టాల కొమ్మ ముందు దొరికింది. అక్కడి నుంచి దిగుతూ వస్తే తల్లి ఎవరో అంచనాకు వచ్చింది. డిటెక్టివులు కోర్టు ఉత్తర్వు తీసుకుని, ఆమెకు 1944కూ 1956కూ మధ్య పుట్టిన పిల్లల రికార్డులు ఇవ్వమని పెన్సిల్వేనియా రాష్ట్ర జనన మరణాల శాఖను అడిగారు. మూడు జనన పత్రాలు వచ్చాయి. ఇద్దరు పిల్లల సంగతి తెలుసు. మూడోది 1953 జనవరి 13న పుట్టిన మగపిల్లవాడిది. అందులో తండ్రి పేరు రాసి ఉంది. తండ్రివైపు చుట్టాల డీఎన్‌ఏతో సరిచూస్తే కలిసింది. 2022 డిసెంబరు 8న పోలీసు కమిషనర్ డేనియల్ అవుట్‌లా పేరు ప్రకటించారు, జోసెఫ్ అగస్టస్ జరెలి.

నా మట్టుకు ఈ కేసులో గుండె పట్టేసే చోటు అది. నాలుగు లక్షల పోస్టర్లు ఊళ్లు తిరుగుతున్నప్పుడు, బిల్ కెలీ కాలి అచ్చులు తిరగేస్తున్నప్పుడు, బ్రిస్టో ముఖపు అచ్చు మోసుకు తిరుగుతున్నప్పుడు, ఆ పేరు అదే రాష్ట్రపు ప్రభుత్వ బీరువాలో, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీతో సహా ఉంది. పుట్టాడని కాగితం ఉంది. బడిలో చేరే వయసు రాలేదు గనక ఫలానా పిల్లవాడు రాలేదేమని అడిగే రిజిస్టరు ఏదీ లేదు. శవం దొరికేనాటికి అతనికి నాలుగేళ్లు నిండి ఆరు వారాలు. ఇంకో రెండేళ్లు బతికి ఉంటే టీచరైనా హాజరు పిలిచేది.

చివరి ప్రశ్న. పేరు తెలిసింది, మరి హంతకులు? తల్లిదండ్రులు ఇద్దరూ చనిపోయారు. రెండు వైపులా తోబుట్టువులు బతికి ఉన్నారు, వాళ్ల కోసమే పోలీసులు తల్లిదండ్రుల పేర్లు అధికారికంగా బయటపెట్టలేదు. ఇంటర్నెట్‌లో తిరిగే పేర్లు నేను ఇక్కడ రాయను, మీరూ రాయకండి, ఫోస్టర్ హోమ్ కుటుంబానికి ఏం జరిగిందో ఇప్పుడే చెప్పుకున్నాం. హత్య కేసులు చూసే హోమిసైడ్ విభాగం కెప్టెన్ జేసన్ స్మిత్ తమకు అనుమానాలున్నాయనీ, వాటిని బయటపెట్టడం బాధ్యతారాహిత్యం అవుతుందనీ ప్రకటన రోజే చెప్పారు. అరెస్టు జరగకపోవచ్చని కూడా దాచలేదు. 20,000 డాలర్ల బహుమతి ప్రకటన మాత్రం అలాగే ఉంచారు.

డీఎన్‌ఏ మీద మన సినిమాలు పెంచిన ఆశ ఒకటుంది, పిల్లవాడి డీఎన్‌ఏ తెలిస్తే చంపినవాడి డీఎన్‌ఏ కూడా దొరికినట్టేనని. పిల్లవాడు ఎవరో అతని ఎముక చెబుతుంది. దెబ్బ ఎవరు కొట్టారో ఆ ఎముక చెప్పదు. ఒకే ఇంట్లోవాళ్ల డీఎన్‌ఏ ఆ దుప్పటి మీద దొరికినా రుజువయ్యేది వాళ్లు ఒకే ఇంట్లో ఉన్నారని మాత్రమే. అసలు పోయేనాటికి ఆ పిల్లవాడు కన్నవాళ్ల దగ్గర ఉన్నాడా, ఇంకెవరి దగ్గరన్నా ఉన్నాడా అన్నది ముందు తేలాలి. పుట్టిన ఆసుపత్రి నుంచి ఫాక్స్ చేజ్ తుప్పల దాకా మధ్యలో నాలుగేళ్లున్నాయి. చీలమండ మీద కోత సెలైను ఎక్కించడానికి నరం కోసం చేసేలాంటిది, అంటే ఆ నాలుగేళ్లలో ఒక్కసారైనా ఎవరో అతన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. గోళ్లు తీసినవాళ్లు ఉన్నారు. ఆకలితో మాడ్చినవాళ్లూ ఉన్నారు. అందరూ ఒకరేనా అన్నది ఏ ల్యాబూ చెప్పలేదు.

అందుకే పోలీసులు ఇప్పుడు వెతుకుతున్నది శాంపిల్ కోసం కాదు, జ్ఞాపకం కోసం. 61వ వీధి, మార్కెట్ స్ట్రీట్ పరిసరాల్లో అప్పట్లో ఉన్నవాళ్లెవరికైనా ఆ ఇంట్లో ఒక చిన్న పిల్లవాడు ఉండేవాడని, తర్వాత కనబడలేదని గుర్తుందేమో చెప్పమని అడిగారు. ఏ వీధిలోనైనా పక్కింట్లో ఎంతమంది పిల్లలున్నారో పెద్దవాళ్ల కంటే ఆ ఈడు పిల్లలకే బాగా తెలుస్తుంది. 1957లో ఆ వీధిలో ఆరేడేళ్ల పిల్లలకు ఇప్పుడు డెబ్బై అయిదు.